భట్టి ముందు బల్ల

ఇరవై రెండేళ్లు బిస్కెట్లు తిని ఉమ్మాను. మాట మోటుగా ఉందని ముఖం చిట్లించకండి, నా ఉద్యోగమే అది. హైదరాబాద్ శివారులో ఒక పెద్ద బిస్కెట్ ఫ్యాక్టరీలో నాణ్యత చూసే విభాగమంతా నా చేతికింద ఉండేది. రోజూ పదకొండింటికి తెల్లకోటు వేసుకుని తెల్లటి గదిలో కూర్చుంటే, తెల్లటి ప్లేట్లలో బిస్కెట్లు వరసగా పెట్టేవాళ్లు. ఒక్కొక్కటి కొరికి, నమిలి, నాలుక మీద తిప్పి, పక్కనున్న కాగితం కప్పులో ఉమ్మి, నీళ్లు పుక్కిలించి మార్కులు వేయాలి. మింగకూడదు. రోజుకు నలభై రకాలు మింగితే కడుపు ఏం కావాలి?

జీతం పెద్దది, కారు పెద్దది, ముక్కు మీద కోపం అంతకంటే పెద్దది. నేను వరండాలో నడుస్తుంటే కుర్రాళ్లు తలుపుల వెనక్కి తప్పుకునేవాళ్లు. కానీ పనిలో నన్ను కాదనేవాళ్లు లేరు. ఏ రాష్ట్రం గోధుమ వచ్చినా, ఏ మిల్లు నూనె వచ్చినా, అన్నిటినీ లెక్కప్రకారం కలిపించి, ఒక బిస్కెట్‌కీ ఇంకో బిస్కెట్‌కీ వెంట్రుకవాసి తేడా లేకుండా తీయించడం నా ప్రత్యేకత. దానికి రెండుసార్లు షీల్డు ఇచ్చి శాలువా కప్పారు. ఈ కలపడం సంగతి గుర్తుపెట్టుకోండి. తర్వాత నా కొంప ముంచింది అదే.

మా ఆయన ప్రభుత్వ జూనియర్ కాలేజీలో లెక్చరర్. మక్తల్‌కు బదిలీ అయి చాలా ఏళ్లుగా అక్కడే గది తీసుకుని ఉంటూ, శనివారం సాయంత్రం బస్సెక్కి హైదరాబాద్ వచ్చేవాడు. ఇప్పుడది నారాయణపేట జిల్లా అంటారుగానీ, ఆయనకు ఆర్డరు వచ్చిన నాటికి మహబూబ్‌నగర్ జిల్లానే. కరోనా కాలం గడిచి, మా అమ్మాయి చదువుకోసం హాస్టల్‌కి వెళ్లాక, ఇంట్లో నేనూ ఫ్రిజ్జూ మిగిలాం. ఎప్పుడూ ఆయనే రావాలా అని ఒక వారం సెలవు పెట్టి నేనే మక్తల్ వెళ్లాను.

రెండోరోజు ఉప్పు ప్యాకెట్ కోసం బజారుకు వెళ్లి, బస్టాండు వెనక గల్లీలో ఆగిపోయాను. వాసన. మా ఫ్యాక్టరీలో వాసన సీసాల్లో వచ్చేది, లీటరు ఇంత అని. ఇది కట్టెల మంట మీద నెయ్యీ పిండీ కలిసి కాలుతున్న వాసన. పాత పెంకుల కొట్టం, లోపల గోడలోకి కట్టిన కట్టెల భట్టి, దాని ముందు పొడుగాటి చెక్కపార పట్టుకుని స్టూలు మీద కూర్చున్న ముసలాయన. మోకాళ్లు రెండూ గుడ్డలతో చుట్టి ఉన్నాయి.

"ఏం గావాలె అమ్మా?" అన్నాడు.

"ఏం లేదు చాచా, జర చూస్తున్న."

"చూసుడు ఫిరీ. కూసో."

గడప పక్కన వెదురుబుట్టలో విరిగిన నాన్‌ఖటాయి బిస్కెట్ల ముక్కలున్నాయి. ఒకటి తీసి చేతిలో పెట్టాడు. కొరికాను, నమిలాను, అలవాటు చొప్పున ఉమ్మడానికి కప్పు కోసం అటూ ఇటూ చూశాను. చాచా నా ముఖంలోకి చూసి "బాగలేదా?" అన్నాడు. సిగ్గుతో మింగేశాను. మింగాకే తెలిసింది, బిస్కెట్ రుచి సగం గొంతులో ఉంటుందని. ఇరవై రెండేళ్లు ఆ సగం నాకు దక్కనే లేదు.

ఆ వారమంతా ఆ భట్టి దగ్గరే ఉన్నాను. ఉప్పు ప్యాకెట్ మా ఆయనే తెచ్చుకున్నాడు. చాచాకు ఇద్దరూ ఆడపిల్లలే, పెళ్లిళ్లయి వెళ్లిపోయారు, చిన్నామె రాయచూరులో. ఆయనకు నిలబడటం చేతగాక భట్టి మూసేద్దామనుకుంటున్నాడు. నేను రెండు నెలలు ఆలోచించి, మూడో నెలలో రాజీనామా ఇచ్చాను. మా పెద్ద ఆఫీసరు తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అడిగాడు, ఏ కంపెనీ ఎంతిస్తానంది అని. మక్తల్ కంపెనీ అన్నాను. ఆయన ఆ పేరు కాగితం మీద రాసుకున్నాడు, పాపం. చిట్యాలలో తమ్ముడి దగ్గరున్న మా అమ్మకు ఫోన్ చేస్తే, "పిండి పిసుకుడుకేనా బిడ్డా గంత సదువు సదివిచ్చింది?" అని పెట్టేసింది.

చలికాలంలో చేరాను. చాచా నోటిమాటగా ఒక ఒప్పందం పెట్టాడు. "బక్రీదు దాక చెయ్యి. మందికి నువ్వు నచ్చి డబ్బాలొస్తే భట్టి నీకే కిరాయికిస్త. రాకుంటే పక్క సెల్లు దుకాణమాయన జాగా అడుగుతుండు, ఆయనకిస్త. జాగా ఇంటిదాని పేరు మీదున్నది. ఆమె మాటే మాట." సెల్లు దుకాణమాయన వస్తే ముందు పడగొట్టేది భట్టినే. నా కుర్చీలో హైదరాబాద్‌లో అప్పటికే వేరే అమ్మాయి కూర్చుంది. అంటే నాకు వెనక దారి లేదు.

డబ్బాలంటే ఏమిటో చెప్పాలి. మక్తల్‌లో కొనుక్కునే బిస్కెట్లు వేరు, చేయించుకునే బిస్కెట్లు వేరు. పండగకో, పెళ్లికో, పిల్లలు హాస్టల్‌కు వెళ్లేటప్పుడో ఆడవాళ్లు ఇంటినుంచి స్టీలు డబ్బా తెస్తారు. అందులో వాళ్ల పిండి, వాళ్ల చక్కెర, వాళ్ల నెయ్యో డాల్డానో, కొందరైతే గుడ్లు, కొందరైతే జీలకర్ర. డబ్బా మూత మీద పెళ్లిలో దాన్ని పెట్టినవాళ్ల పేరు చుక్కలు చుక్కలుగా కొట్టి ఉంటుంది. భట్టివాడు చేసేది కలపడం, అచ్చులు తీయడం, కాల్చడం. కూలి కిలోకు ఇంత. ఒక డబ్బా అయ్యాక చెక్కతొట్టిని పొడిగుడ్డతో తుడిచిగానీ రెండోది ముట్టుకోకూడదు. విరిగిన ముక్కలు మాత్రం ఎవరివైనా గడప దగ్గరి బుట్టలో పడతాయి, దారిన పోయేవాళ్లు ఎవరైనా తినొచ్చు.

భట్టి ముందు గోడవారగా పొడుగాటి బల్ల ఉంది. డబ్బా ఇచ్చిన మనిషి ఆ బల్ల మీద కూర్చుంటుంది. తన పిండి తొట్టిలో పడ్డప్పటినుంచి తన బిస్కెట్లు డబ్బాలోకి వచ్చేదాకా కూర్చునే ఉంటుంది. మధ్యలో లేచిన ఆడమనిషిని నేను చూడలేదు. మాట్లాడుకుంటారు, వక్కాకు నములుతారు, పిల్లలకు పాలిస్తారు, కళ్లు మాత్రం తొట్టి మీదే.

చాచా భార్య చాచీ కూడా అంతే. వాళ్లిల్లు భట్టి వెనకే, మధ్యలో ఒక తలుపు. అయినా తన డబ్బా చేయించుకునే రోజు ఆమె ఆ తలుపులోంచి రాదు. గల్లీ తిరిగి ముందునుంచి వచ్చి, డబ్బా మొగుడి చేతికిచ్చి, బల్ల చివర కూర్చుని ఆయన చేతుల్నే చూస్తుంది.

"ఏందే, నా మీద గూడ నమ్మకం లేదా?" అన్నాడు చాచా ఒకసారి నా ముందే.

"నీ మీద ఉన్నది. నీ చెయ్యి మీద లేదు. చక్కెర ఎక్కువేస్తవ్."

నా చేతి మీదైతే ఆమెకు అసలే లేదు. షబేబరాత్ పండగ ముందు ఆమె డబ్బా వచ్చినప్పుడు నేను చేయి చాచాను. ఆమె నా పక్కనుంచి దాటుకుంటూ వెళ్లి చాచాకే ఇచ్చింది. ఆయన మోకాళ్ల నొప్పికి పళ్లు బిగపట్టి తానే చేశాడు. అలాగని ఆమె నాతో ముక్తసరిగా ఉండేది కాదు. రోజూ రెండుపూటలా చాయ్ పంపేది. చాయ్ పంపేది, డబ్బా పంపేది కాదు.

మిగతా అంతా హాయిగానే సాగింది. తుమ్మకట్టెలు ఎంత పేర్చాలో, నిప్పులు ఎప్పుడు బయటికి లాగాలో, తడి గోనెసంచితో భట్టి నేలను ఎలా తుడవాలో నేర్చుకున్నాను. చిటికెడు పిండి లోపలికి విసిరి అది ఎంతసేపట్లో ఎర్రబడుతుందో చూసి వేడి చెప్పడం నేర్చుకున్నాను. మా ఫ్యాక్టరీలో ఆ పనికి పన్నెండు మీటర్లుండేవి. మధ్యాహ్నం మా ఆయనతో కలిసి జొన్నరొట్టె తినేదాన్ని. పెళ్లయిన ఇన్నేళ్లలో వారానికి ఏడు మధ్యాహ్నాలు కలిసి తినడం అదే మొదలు. చేతుల మీద బొబ్బలు, ఒంటికి పొగవాసన, రాత్రి పడుకుంటే తెల్లారేదాకా నిద్ర. సంతోషంగా ఉన్నాను, దాచడం దేనికి.

రంజాన్ చివరి వారంలో రాయచూరు నుంచి ఫోన్ వచ్చింది, చిన్నకూతురికి నొప్పులు మొదలయ్యాయని. చాచా, చాచీ పొద్దున బస్సుకే బయల్దేరారు.

"రెండు దినాలు. నువ్వొక్కదానివే చేస్తవా?" అన్నాడు చాచా.

"గిదేం పెద్ద పని చాచా. నేను దినాం ఇరవై లారీల పిండి చూసినదాన్ని."

"లారీలు కాదు బిడ్డా, డబ్బాలు," అంటూనే బస్సెక్కాడు.

తొమ్మిదింటికల్లా పదకొండు డబ్బాలు వచ్చాయి. ఏడు ఈద్ కోసం, మిగతావి పెళ్లిళ్ల ఇళ్లనుంచీ, కడుపుతో ఉన్న కూతురికి పంపాలనుకున్న ఒక ఇంటినుంచీ. ఒక్కో డబ్బా విడిగా కలిపి, విడిగా కాలిస్తే మర్నాటికి గానీ తెమలదు. మే నెల ఎండ. రోజా ఉన్న ఆడవాళ్లు చుక్క నీళ్లు లేకుండా ఆ సెగలో బల్ల మీద కూర్చుని ఉన్నారు. నాకు జాలి, తొందర రెండూ ఒకేసారి వచ్చాయి. ఆ రెండూ కలిస్తే నేను ప్రమాదకరమైన మనిషిని.

అట్టముక్కలు కత్తిరించి అంకెలు వేసి తలా ఒకటి ఇచ్చాను. "గీ టోకెన్లు పట్టుకొని ఇంటికి పోండ్రి. నాలుగింటికొచ్చి ఎవరి డబ్బా వాళ్లు తీస్కపోండ్రి," అన్నాను.

ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మగ్గం నేసే ఇంటి పెద్దమ్మ, కూతురికోసం వచ్చినామె, మెల్లగా అంది, "కూసుంటం తియ్యమ్మా, మాకేం తక్లీఫ్ లేదు."

"ఏం, నా మీద నమ్మకం లేదా?" అని గొంతు పెంచాను. ఆ మాట ఎత్తాక ఎవరు మాత్రం ఏమంటారు? లేచి వెళ్లిపోయారు.

ఇక నా షీల్డులు, శాలువాలు అన్నీ ఒంటి మీదికి వచ్చాయి. పదకొండిళ్ల పిండినీ తూచి ఒకే కుప్ప పోశాను. చక్కెర అంతా ఒకటి. అయిదు డబ్బాల్లో నెయ్యి, ఆరింట్లో డాల్డా. కొవ్వు కొవ్వేగా అనుకుని రెండూ ఒకే గిన్నెలో కరిగించి పోశాను. గుడ్లు తినని ఇళ్లు రెండున్నాయి కాబట్టి గుడ్లు మాత్రం ఎవరివీ వేయకుండా పక్కన పెట్టాను. అంత జాగ్రత్తపరురాలిని మరి. మూడు గంటలకల్లా అయిపోయింది. అన్నీ ఒకే రంగు, ఒకే మందం, ఒకే గుండ్రం. ఎవరి పిండికి తగ్గట్టు వాళ్లకు తూచి, పైన నాలుగు ఎక్కువే వేసి డబ్బాలు నింపాను. ఫోటో తీసి మా ఆయనకు పంపితే "ఫ్యాక్టరీ లెక్కనే ఉన్నయ్" అని రాశాడు. మెచ్చుకున్నాడనుకున్నాను.

నాలుగింటికి అందరూ వచ్చి డబ్బాలు తీసుకున్నారు. సగంమందికి పైగా ఉపవాసం, వాళ్ల ముందు మిగతావాళ్లూ రుచి చూడలేదు. అసలు సంగతి మర్నాడు పొద్దున మొదలైంది.

ముందు మగ్గం ఇంటి పెద్దమ్మ వచ్చింది. డబ్బా నా ముందు పెట్టి మూత తీసింది. "నెల దినాలు మీగడ తీసి కాసిన నెయ్యమ్మా నాది. డాల్డా వాసనొస్తే మా బిడ్డకు వాంతులైతయ్. అందుకనే మా బర్రె నెయ్యి తెచ్చిన. ఇందుల మా నెయ్యేది?" అంది. కోప్పడలేదు. నిజంగానే వెతుక్కుంటున్నదానిలా అడిగింది. తర్వాత ఇద్దరు వచ్చి, గుడ్లు వేయకుండా వాపసు ఇచ్చేదానికి తీసుకున్నదెందుకని నిలదీశారు. వాళ్లకు నేను ఫ్యాక్టరీ భాషలో సమాధానం చెప్పబోయాను. వాళ్లు పూర్తిగా వినకుండానే వెళ్లిపోయారు.

చివర వచ్చింది సైకిళ్లు బాగుచేసేవాడి భార్య. ఆమె డబ్బాలో పోసినది డాల్డా. చేతికిచ్చినది సగం నెయ్యి బిస్కెట్లు. లాభపడింది కదా, ఈమెకేం బాధ అనుకున్నాను. ఆమె నిండు డబ్బా నా ముందు బోర్లించింది. ఒక్కటే తిన్నట్టుంది.

"గివి మావి కావు," అంది.

"మీ వాటికన్న మంచిగనే ఉన్నయి గదమ్మా. నెయ్యి పడ్డది."

"గదే అంటున్న. మాది డాల్డా. మంది నెయ్యి మేమెట్ల తింటం? ఈద్‌కు గల్లీల ఇంటింటికీ పళ్లెం పంపుత. నెయ్యెక్కడిదే నీకు అని అడిగితే ఏం జెప్పాలె?"

ఖాళీ డబ్బా చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. నేను ఆ బిస్కెట్ల కుప్ప ముందు అలాగే నిలబడ్డాను. దుఃఖం కంటే ముందు కోపం వచ్చింది, ఎప్పటిలాగే. ఈసారి కోప్పడటానికి ఎదురుగా నేనొక్కదాన్నే ఉన్నాను.

మధ్యాహ్నం మా ఆయనకు చెబితే రొట్టె తుంచుతూ నవ్వాడు. "అత్త సొమ్ము అల్లుడు దానం చేసిండంట. నువ్వు అల్లుని కంటే పెద్ద మనిషివి," అన్నాడు. ఆ పూట ఆయనతో మాట్లాడలేదు.

చాచా మనవరాలు పుట్టిందని మిఠాయి డబ్బాతో దిగాడు. బస్టాండు నుంచి భట్టికి నడిచే ఆ కాస్త దూరంలోనే ఊరంతా ఆయన చెవిలో వేసింది. వచ్చి స్టూలు మీద కూర్చుని మిఠాయి నా చేతిలో పెట్టాకే మాట తీశాడు.

"మీ అమ్మ ఎన్నడు పోలేదా బిడ్డా, గిట్ల డబ్బ పట్టుకొని?"

పోయేది. చిట్యాలలో హైవే పక్కన ఒక భట్టికి నన్ను వెంటబెట్టుకుని పోయేది. నాకు ఆ బిస్కెట్లు గుర్తున్నాయి. అమ్మ కూర్చోవడం గుర్తులేదు.

"భట్టి మనది. డబ్బల ఉన్నది మనది కాదు. నాలుగెక్కువేసి ఇచ్చినా మనది కాదు," అన్నాడు చాచా. చాచీ గుమ్మంలో నిలబడి అంతా విని లోపలికి వెళ్లింది. ఆ ఏడాది ఈద్‌కు వాళ్లింట్లో సేమియా ఉంది, బిస్కెట్లు లేవు. చాచాకు మోకాళ్లు సహకరించలేదు, నాకైతే ఆమె డబ్బా ఇవ్వలేదు.

ఈద్ తర్వాత నాలుగు వారాలు ఒక్క డబ్బా రాలేదు. రొట్టెలు, బన్నులు కాల్చి బజారు హోటళ్లకు వేస్తూ రోజులు గడిపాను. బల్ల ఖాళీగా ఉండేది. ఒకరోజు సెల్లు దుకాణమాయన టేపు పట్టుకొచ్చి, నా ముందే భట్టి గోడకూ గడపకూ కొలతలు తీసుకున్నాడు. మర్యాదస్తుడే, "ఏమనుకోకుండ్రి మేడం, ఊకనే చూస్తున్న," అన్నాడు. హైదరాబాద్‌కు తిరిగి వెళ్లి ఎవరి ముందు చేతులు కట్టుకుని నిలబడాలా అని మొదటిసారి ఆలోచించాను.

"అందరికి పిండి, నెయ్యి నా పైసలతోని కొనిస్త చాచా," అన్నాను.

"తీస్కోరు. ఆ నెయ్యి ఎక్కడికెల్లి కొంటవ్?"

"మరేం జెయ్యాలె?"

"వాళ్లను కూసోనియ్యకుంట పంపినవ్ గద. నువ్వు పోయి కూసో."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక అంతకంటే కష్టమైన శిక్ష లేదనిపించింది. క్షమించమని ఒక మాటలో చెప్పి వచ్చేయమంటే చేయగలను. ఊరికే కూర్చోవడం నా వంశంలోనే లేదు. అయినా వెళ్లాను. మధ్యాహ్నం పూట భట్టి చల్లబడ్డాక, పదకొండిళ్లకూ, రోజుకొక ఇల్లు.

మొదట సైకిళ్లాయన ఇంటికే. ఆయన భార్య మిషను మీద చీరలకు ఫాల్ కుడుతోంది. గోనెసంచి పరిచింది, కూర్చున్నాను. అరగంటలో ఒక చీర పూర్తి చేసింది. మిషను ఆపకుండానే అడిగింది, "ఏం పని మీద వచ్చినవ్?"

"ఏం పని లేదు. కూసుందామని వచ్చిన."

పళ్లతో దారం తెంపి నా వైపు చూసింది. మళ్లీ కుట్టింది. ఇంకో చీర అయ్యాక చాయ్ పెట్టింది. అది తాగుతుంటే నెమ్మదిగా చెప్పుకొచ్చింది. "డాల్డా అంటే గంత అగ్గువ జేయకు. తెచ్చేముందర గంట సేపు చేత్తోని గిలుగొడత. తెల్లగ, వెన్న లెక్క అయితది. ఇలాచీ నాలుగు ఎక్కువేస్త. మా పళ్లెం కోసం గల్లీల పిల్లలు వాకిట్ల నిలవడతరు."

నా ముఖం కందిపోయింది. కొవ్వును గిలకొడితే లోపల గాలి నిలిచి బిస్కెట్ గుల్లగా వస్తుందని నేను ఎంతమందికి పాఠాలు చెప్పలేదు? ఆమె గంటసేపు చేయి నొప్పెట్టేలా గిలకొట్టి తెచ్చినదాన్ని నేను పొయ్యి మీద పెట్టి కరిగించేశాను. ఆ మాటే ఆమెతో అన్నాను. తప్పయిందని కూడా అన్నాను. ఆమె గ్లాసు తీసుకుంటూ "తెల్వక జేసినవ్ తియ్," అంది.

ఇలా పదకొండిళ్లు. మగ్గం ఇంట్లో మూడు గంటలు కూర్చున్నాను. పెద్దమ్మ దారం చుడుతూ, తన బర్రె గురించీ, అది ఏ మేత తింటే నెయ్యి ఏ రంగు వస్తుందో, అన్నీ చెప్పింది. ఒక ఇంట్లో నీళ్లు కూడా ఇవ్వలేదు. అక్కడ రెండోరోజు కూడా కూర్చున్నాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోరు మంచిది కాదు కాబట్టి మూసుకుని కూర్చున్నాను, అదే పనిచేసిందనుకుంటాను.

జూన్‌లో బడులు తెరిచే ముందు మొదటి డబ్బా వచ్చింది. సైకిళ్లాయన భార్యదే, కూతుర్ని గురుకులం హాస్టల్‌లో దింపాలి. డాల్డా తెల్లగా వెన్నలా గిలకొట్టి తెచ్చింది. ఆమె కళ్లముందే తొట్టి తుడిచి, అడిగి అడిగి ఒక్కొక్కటి వేశాను. ఆమె బల్ల మీదనుంచి కదల్లేదు. పోయేముందు ఒకటి కొరికి "మంచిగనే వచ్చినయ్," అంది. ఆ వారంలో ఇంకో నాలుగు వచ్చాయి. మగ్గం ఇంటి పెద్దమ్మ మళ్లీ మీగడ తీయడం మొదలుపెట్టానని కబురు పెట్టింది.

డబ్బాలైతే వస్తున్నాయి. కానీ జాగా చాచీ పేరు మీద ఉంది, ఆమె మాటే మాట. బక్రీదు దగ్గరపడుతున్నా ఆమె ఏమీ అనడం లేదు. చాచాను అడిగితే "నన్నడుగుతవేంది? ఆమెనడుగు," అన్నాడు. అడిగే ధైర్యం నాకు లేదు. ఫ్యాక్టరీలో ఎవరికీ భయపడని నేను రోజుకు రెండుసార్లు ఆమె చాయ్ తాగుతూ తలెత్తలేకపోయాను.

పండగ రెండు రోజులుందనగా, సాయంత్రం నాలుగున్నరకు చాచీ గల్లీ తిరిగి ముందునుంచి వచ్చింది. చేతిలో సొట్టపడిన పాత స్టీలు డబ్బా. చాచా స్టూలు మీదనుంచి లేవబోయాడు. "నువ్వు కూసో," అందామె. డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టింది. బల్ల చివర, ఎప్పుడూ కూర్చునేచోటే కూర్చుంది.

"చక్కెర జర తక్కువ," అంది.

తొట్టిని ఒకసారి తుడవాల్సినది రెండుసార్లు తుడిచాను. పిండి పోశాను, చక్కెర చూపించి పోశాను. ఆమె తల ఊపింది. నెయ్యి మూత తీసి రెండు చేతులా గిలకొట్టడం మొదలుపెట్టాను. చాచా నా చేతుల్నే చూస్తున్నాడు. నెయ్యి తెల్లగా పొంగడం మొదలైంది. మసీదు నుంచి అజాన్ వినపడింది.

చాచీ లేచి నిలబడింది. నా చేయి ఆగిపోయింది, ఏం తప్పు చేశానో అని.

"అసర్ నమాజుకు పోతున్న. అయినంక డబ్బ ఇంట్లకు పంపు," అంది. కొంగు సర్దుకుని, వెనక తలుపులోంచి ఇంట్లోకి వెళ్లిపోయింది.

చాచా ఆ తలుపు వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు, నా వైపు చూశాడు. "నలభై ఏండ్లు జేసిన ఆమెకు. ఒక్కనాడన్న లేచి పోలే," అన్నాడు. సంతోషమో ఉక్రోషమో ఆయనకే తెలిసినట్టు లేదు.

నాకు ఏడుపు ఆగలేదు. నెయ్యిలో పడతాయని ముఖం పక్కకు తిప్పుకున్నాను.

"జర పక్కకు జరిగి ఏడ్వు బిడ్డా. చక్కెర తక్కువ అన్నది గని, ఉప్పెయ్యమనలే," అన్నాడు చాచా, తన కళ్లు తుడుచుకుంటూ.

భుజంతో ముఖం తుడుచుకుని మళ్లీ తొట్టి మీదికి వంగాను. ఎదురుగా బల్ల ఖాళీగా ఉంది. ఎవరూ చూడటం లేదు కాబట్టి ఇంకా జాగ్రత్తగా కలిపాను.